గడప బయట బూట్లు

హలో… ఆ, నేనే లేరా నూరూ, మీ అక్కనే. నా ఫోను ఇంగెవరెత్తుతారు.

…

ఇప్పుడే వచ్చినా. పులివెందుల నుంచి పొద్దుటూరు దాంక నిలబడే వచ్చినా. ఎర్రగుంట్ల కాడ సీటు ఖాళీ అయ్యె, కూచుందామనుకునే లోపల ఒగ బాలింత ఎక్కె… ఆ, ఇచ్చేసినా. ఏం చేస్తాం మల్ల.

…

లోపలికి యాడ పోయినా? వాకిట్లో అరుగు మీదనే కూలబడినా. చెప్పులు గూడా ఇడ్సలే. ఆ పట్టీ తీయల్లంటే వంగల్ల. వంగల్లంటే నడుము రావల్ల గదా… నవ్వద్దు. నీకూ వస్తాయి యాభై ఏండ్లు.

…

మీ బావ అంగడి కాడనే. ఇప్పుడే యాడొస్తాడు. ఇంట్లో ఎవరూ లేరు. బ్యాగులో అరవై మూడు పేపర్లు ఉండాయి, దిద్దల్ల. పొయ్యి ముట్టించల్ల. పొద్దున మొబ్బున్నే లేసి మల్లా అదే బస్సు…

అది వదిలెయ్. నీ సంగతి చెప్పు. ఏమాయ?

…

ఏమాయ అంటే ఏందిరా! ఇంటర్వ్యూ! పొద్దున పదికి అంటివి గదా. నేను పైటాల నుంచి ఫోను సూస్తానే ఉండా. ఎనిమిదో తరగతిలో బల్ల కింద పెట్టుకోని సూస్తాంటే పిల్లోల్లు కిసుక్కున నవ్విరి. రోజూ నేను వాళ్లను పట్టుకునేది దానికే గదా.

…

డౌటా?

…

పరీక్ష అయిపోయినాక డౌటేంది నాయనా? … ఊ. … ఊ. సరే అడుగు. నలభై దినాలు చెప్పినా, ఇంగొకటి చెప్తే నా నోరేం అరిగిపోదు… అరిగే ఉంటాదిలే. అడుగు.

…

కన్వేయర్ బెల్టు, బెల్టు కన్వేయరు. ఆ రెండూ ఒగటేనా అని అడిగిరా? … పెద్ద సారే అడిగినాడా! … నువ్వేం చెప్తివి?

…

ఆగాగు. నిమ్మళంగా చెప్పు, ఈడ లారీ పోతాంది.

…

కన్వేయర్ బెల్టు అంటే బెల్టు. రబ్బరుది. … ఆ. … బెల్టు కన్వేయరు అంటే మొత్తం మిషను. రోలర్లు, మోటారు, స్టాండు అన్నీ కలిపి. … ఊ. … 'ఏ మాట చివర ఉంటే అది అసలు సరుకు సార్, ముందరుండేది దానికి తోడొచ్చింది' — అట్లనే అంటివా? ఆయనతో అట్లనే అంటివా?

అరె వా!

రైటేరా. నూటికి నూరు రైటు. ఆ రెండిటికీ తేడా ఉందని నాకే తెలీదు, నువ్వు మీ ఫ్యాక్టరీలో చూసొచ్చి చెప్తేనే గదా నాకు తెలిసింది. ఇంగేమడిగిరి?

…

పొడుగు బోర్డా? ఏదీ, అను.

…

రా మిల్లు ఫ్యాను మోటారు బేరింగు టెంపరేచరు. అబ్బబ్బ! ఊపిరి తీసుకోను సందు లేకుండా! నువ్వేం చేస్తివి?

…

తోక కాడ పట్టుకుంటివి. … ఊ. … టెంపరేచరు. దేనిది? బేరింగుది. ఏ బేరింగు? మోటారుది. ఏ మోటారు? ఫ్యానుది. … ఏ ఫ్యాను? … రా మిల్లుది, ఆ ముడి రాయి నూరేదానిది!

…

లేదు, ఏడ్సలే. కండ్లల్లో ఏదో పడింది. … ఏడిస్తే ఏమిలే. నా తమ్ముడు టెన్తు తప్పినోడు. ఇంగ్లీషు పేపరు చూస్తే జ్వరం తెచ్చుకునేటోడు.

నీకు మొదటి దినం గుర్తుందా? 'అక్కా, మిషన్ల మీద బోర్డులన్నీ ఇంగ్లీషే. రెండు మాటలు తెచ్చి ఊరికెనే పక్కపక్కన పెట్టి పోతారు. నడమ ఏముందో చెప్పరు. నాకెట్ల తెలుస్తాది' అని తల పట్టుకుంటివి.

…

ఆ, ఎలకల మందు! దగ్గు మందు అంటే దగ్గు తగ్గను తాగేది. మరి ఎలకల మందు అంటే ఎలకలు తగ్గను తాగేదా అని నేను అంటే, నువ్వు నవ్వీ నవ్వీ నీకు దగ్గొచ్చె, నీ పెండ్లాము హఫీజా నీళ్లు పట్టుకోని ఉరుకొచ్చె. మనమూ చెప్పం గదరా నడమ ఏముందో. తెలిసినోళ్లకు తెలుస్తాది. మనం కనీసం 'ఇల్లు తాళం' అనకుండా 'ఇంటి తాళం' అని రవ్వంత అతుకేస్తాం. ఇంగ్లీషోళ్లు ఆ అతుకు గూడా వెయ్యరు. హౌసు, కీ. తెచ్చి నిలబెట్టి పోతారు. ఎవరు ఎవరికి ఏమవుతారో మనమే కనుక్కోవల్ల.

ఇంగ ఆ బూట్ల అంగడి! 'అంగడి నిండా బూట్లే గదక్కా, మరి షూ షాపు అని ఒగ్గ షూనే అంటారేంది, రెండోది యాడ పోయింది' అని ఒగ సాయంత్రమంతా నా ప్రాణం తీస్తివి. ముందరికొచ్చి నిలబడినాక ఎన్నున్న్యా ఒగటిగానే చెప్తారురా అంటే నువ్వు ఒప్పుకోవే…

…

హలో?

…

నూరూ, ఉండావా? … ఫోను పోయిందేమో అనుకుంటి. నాకాడ సార్జింగు తక్కువుంది, ఎర్ర గీత చూపిస్తాంది. బిన్నా చెప్పు. మొత్తం ఎన్ని అడిగిరి?

…

పదమూడు. … పదమూడిటికీ చెప్తివా?

…

పదమూడిటికీ! మరింగేందిరా! పాసే గదా! సూపర్‌వైజరే గదా! హఫీజాకు చెప్తివా? పద్నాలుగేండ్లు కాంట్రాక్టు కింద ఆ సిమెంటు దుమ్ములో తిరిగినావు. పోయిన నెల ఈడ డాక్టరు కాడికి తీస్కపోతే ఆయన ఏమనె? చిన్నప్పటి నుంచీ ఉన్న ఆయాసమమ్మా ఇది, దుమ్ములో తిరుగుతాంటే నేనిచ్చే మందు యాడ పని చేస్తాది, పనన్నా మార్చమను అనె. మార్చుకుంటివి గదా ఇంగ! పర్మిట్ రూము. మిషను మీద ఎవరు చెయ్యి పెట్టల్లన్న్యా ముందు నీకాడికొచ్చి కాగితం రాపిచ్చుకోవల్ల. తలుపేసిన రూము, కుర్చీ, ఫ్యాను… రాత్రిపూట లేసి కూచోని గసపోసుకునేది ఉండదు…

…

ఏంది?

…

ఇంగొకసారి చెప్పు. సరిగ్గా ఇనపడలే.

…

'నాట్ ఫిట్' అని రాసినాడా.

…

పదమూడు చెప్పినోన్ని నాట్ ఫిట్ అంటాడా! వాడెవడురా? పేరు చెప్పు, నెంబరియ్యి. … గమ్మునుండు, నేను మాట్లాడతా. ఇరవై రెండేండ్లు పాఠం చెప్పినా, ఒగ సారుతో మాట్లాడలేనా? … మరి ఎవరిది తప్పు? … నీదేం తప్పు? నువ్వు అన్నిటికీ—

…

బూట్లా?

…

ఏ బూట్లు?

…

ఆ, సేఫ్టీ షూ. ఫ్యాక్టరీవి. ముందర ఇనుము ఉండేవి. … ఏసుకోని పోలేదా? … ఏసుకోనే పోతివి. … మరి?

…

బయట ఇడ్సినావా.

…

తలుపు బయట ఇడ్సి… సాక్సుతో లోపలికి పోయినావా నూరూ?

…

ఎందుకురా?

…

తెల్ల బండలు. … అప్పుడే తుడిచినారు, తడి గూడా ఆరలే. … ఊ. … బూట్ల నిండా సిమెంటు ఉండె. … పెద్దాయన కూచోనుండాడు, ఆయన ముందరకి అట్ల తొక్కుకుంటా ఎట్ల పోతామక్కా అని…

మిగతావోళ్లు? … బూట్లతోనే పోయిరా! అందరూనా! నీతో పని చేసే ఆ వెంకటేషు గూడా? … నువ్వు సూడలేదా? … సూసినావు. సూసి, 'వీళ్లకు మర్యాద తెల్దు' అనుకుంటివి.

…

అది ఏసీ కంట్రోలు రూము గాదు గదరా బూట్లు ఇప్పను. మిల్లు పక్కన వేసిన రేకుల రూము అంటివి మొన్న. … ఊ. … ఆయన టేబులెనకాల కూచోనుండె. పదమూడు అయ్యేదాంక నీ కాళ్లు కనపడలే. … తర్వాత నవ్వినాడా? 'బాగా చదివినావప్పా' అన్న్యాడా! … 'రా, మిషను కాడికి పోదాం, ఆడ చూపిద్దువు' అని లేసినాడు. … టేబులు సుట్టూ తిరిగొచ్చినాడు. … కిందికి సూసినాడు.

…

సాక్సుకు బొక్కనా?

…

బొటనేలు…

…

లేదు, నవ్వలే. … నవ్వినా. ఆపుకోలేకపోతి… ఉండు… ఉండు… అమ్మా, కడుపు నొస్తాంది… పక్కింటామె తొంగి చూస్తాంది…

'సేఫ్టీ షూ అంటే ఏంది' అని అడిగినాడా? అయితే పద్నాలుగోది! … నువ్వేం చెప్తివి? … 'షూ సార్. సేఫ్టీ కోసరం ఉండే షూ సార్.' … 'మరి యాడ?' … 'బయట ఉండాయి సార్.'

యా అల్లా.

…

నూరూ? … రే. … ఏడుస్తాండావా?

…

సరే. సరే. నవ్వను ఇంగ. నవ్వింది నాదే తప్పు. మూతి తుడుసుకో. … ఉండు, అజాన్ ఇస్తాండారు. ఒగ నిమిషం.

…

…

ఆ. చెప్పు.

…

లేదురా. కోపం రాలేదని అబద్ధం చెప్పను. వస్తాంది. నలభై దినాలు. బస్సులో నిలబడి వచ్చి, అన్నం గూడా ఉడకకుండానే ఫోను పట్టుకోని నీకు చెప్తి. మీ బావ అన్న్యాడు, జీతమియ్యని ట్యూషను నీది అని. … ఆయన సంగతొద్దులే, ఆయనెప్పుడూ అంతే. ఇన్ని చేసి, నట్లు పడే కాడ, ఇనుము దొర్లే కాడ, కాళ్లకు బూట్లు లేకుండా నిలబడతావా? పర్మిట్ రాసేటోని పనేంది? పక్కోని కాలూ చెయ్యీ కాపాడేది. నీ కాళ్లే వట్టివి అయితే ఆయన నిన్నెట్ల నమ్మల్ల? ఆయన రాసింది తప్పు గాదు. … ఆ, నేనే అంటాండా. తప్పు గాదు. నేనైనా అదే రాస్తా.

ఎవరు నేర్పించినార్రా నీకు ఇట్ల యాడ పడితే ఆడ చెప్పులిడ్సేది—

…

…

ఏమంటివి?

…

నేనా.

…

ఆ. నేనే.

…

మరిచిపోతానా. గుర్తుంది. నీకు ఆరేండ్లు, నాకు పదకొండు. నాయన బంగారానికి పాలిషు పట్టే ఆ గది. చెప్పులు బయట ఇడ్సి పోవల్ల, వచ్చేటప్పుడు తలుపు కాడ బేసిన్లో కాళ్లు కడుక్కోని రావల్ల. ఆ నీళ్లు గూడా పారబోయరు. ఊడ్చిన మన్ను గూడా మూట గట్టి పెట్టుకుంటారు. ఆ మన్నులోనే గదా రవ్వరవ్వ బంగారు ఉండేది. నాయనకు సద్ది ఇయ్యను మనిద్దరం పోతిమి. నువ్వు కొత్త చెప్పులేసుకోనుంటివి, నీలం పట్టీలవి. నాయన కనపడతానే 'నాయనా' అని ఉరుక్కుంటా చెప్పులతోనే లోపలికి పోతివి.

…

ఆ అంగడి సేటు నిన్ను ఎత్తి బల్ల మీద కూచోబెట్టె. చెప్పులు తిప్పి, చాకు తీసుకోని, అడుగున అంతా గీకి కాగితం మీద రాల్చుకునె. పదిమంది సూస్తాండారు. సేటును నేనేమీ అనను, వాళ్ల పని అట్లది. కానీ నాయన లేసి, చేతులు కట్టుకోని నిలబడె. తలెత్తలే. నాయన మొగం అట్ల నేను ఎప్పుడూ సూడలేదురా. ఆ తర్వాత గూడా సూడలే.

…

నాయన నిన్ను ఒగ్గ మాట గూడా అనలే. నేనే కొడ్తి. ఇంటికొచ్చి, కంది కట్టె తీసుకోని, పిక్కల మీద. 'పెద్దోళ్ల కాడికి చెప్పులతో పోతావా, పోతావా' అని. నువ్వు 'పోను అక్కా, పోను అక్కా' అంటాంటివి. అమ్మ వచ్చి కట్టె పెరుక్కునే దాంక కొడ్తి.

…

అంతే. ఆ దినం నుంచి నువ్వు బ్యాంకులో ఇడుస్తావు. నా స్టాఫు రూము బయట ఇడ్సినావు. పెండ్లికి ఫోటో స్టూడియోలో ఇడ్సినావు. ఫోటోలో కోటుంది, బూట్లు లేవు, ఇప్పటికీ హఫీజా తమ్ముండ్లు నవ్వుతారు. నేను మాత్రం 'సూడండి, నా తమ్మునికి ఎంత మర్యాదో' అని అందరికీ చెప్పుకుంటాంటి. అది మర్యాద గాదు నూరూ. అది ఆ కట్టె. నీ పిక్కలు మరిచిపోలే.

నలభై దినాలు నీ నోటికి నేర్పించినా. నీ కాళ్లకు ఏం నేర్పించి పెట్టినానో నాకు గ్యాపకం రాలే.

నన్ను క్షమించురా.

…

లేదు, అననియ్యి. ముప్పై తొమ్మిదేండ్లాయ. ఒగ్గసారి గూడా అనలే.

…

ఊ.

…

ఊ. సరే. చిన్నపిల్లనే, ఒప్పుకుంటా. అయినా.

…

ఏంది? … ఏమన్న్యాడు? మల్లా చెప్పు!

…

రేపు రమ్మన్న్యాడా! అది ఇప్పుడు చెప్తావా నువ్వు! గంట నుంచి నా ప్రాణం తీసి… ఎన్నింటికి? … పొద్దున ఏడుకు. మిషను కాడికి. … కాగితం ఇంగా పైకి పంపలేదు, పదింటికి పంపుతాడు. … ఆ లోపల వచ్చి చూపించు అన్న్యాడా. మంచోడేరా పాపం! నేను ఊరికెనే తిడ్తి.

మరింగేంది? పో!

…

పోనంటావా?

…

ఎందుకు?

…

ఎవరు? వెంకటేషా? … నీ కాళ్లు ఫోటో తీసి గ్రూపులో పెట్టినాడా! బొటనేలు కనపడేటట్లు. … ఏమని రాసినాడు?

…

'సాక్సు సూపర్‌వైజరు.'

…

బాధగానే ఉంటాదిరా. ఉంటాది. నాకే కాలుతాంది. … కానీ ఒగటి అడుగుతా, చెప్పు. సాక్సు సూపర్‌వైజరు. తోక కాడ పట్టుకో. అసలు సరుకు ఏంది? … చెప్పు. … సూపర్‌వైజరు. సూస్తివా? వాళ్లే ఇచ్చేసినారు నీకు ఉద్యోగం. ముందర ఏం తగిలించుకుంటారో తగిలించుకోనీ.

…

ఆ, నవ్వు. రవ్వంత నవ్వు.

…

అది గాదా? మరేంది?

…

ఊ. … తలుపు కాడికి పోతానే… ఊ. … నువ్వు అనుకోకపోయినా చేతులు వాటంతటవే కిందికి పోయి తాడు ఇప్పుతాండాయి. … రేపు గూడా ఇప్పేస్తానేమో అని భయం. … ఆయన ముందర ఇంగొకసారి అయితే నేను బతకను అక్కా అంటావా.

అట్లనకు.

…

డాక్టరు చెప్పింది మరిచిపోయినావా? రేపు పోకపోతే మల్లా ఎప్పుడు పిలుస్తారు? … రెండేండ్లు. రెండేండ్లు ఆ దుమ్ములో ఉండే ఊపిరి నీకాడ లేదురా నూరూ. ఇప్పుడు మాట్లాడతాంటేనే ఈల ఇనపడతాంది నాకు. నువ్వు దాచుకున్న్యా ఇనపడతాంది. నాకు భయమైతాంది. ఎవరికీ చెప్పలే, మీ బావకు గూడా చెప్పలే.

…

బూట్లు యాడుండాయి?

…

ఇప్పుడు. ఇప్పుడు యాడుండాయి? … మీ ఇంటి గడప బయట. సరే. పోయి ఏసుకో.

…

ఇప్పుడే. నేను ఫోన్లోనే ఉంటా. … ఏసుకోమంటాండానా లేదా? … ఫోను హఫీజాకియ్యి నువ్వు.

…

హఫీజా… ఆ, నేనేనమ్మా. … ఏడ్వద్దు. నువ్వూ ఏడిస్తే ఎట్ల. … పైటాల నుంచి ఏమీ తినలేదా? సరే, తింటాడు. ఒగ పని చెయ్యి. నీ నమాజు అయ్యిందా? … అయితే జానమాజు చాప మడిచి పైన అలమర్లో పెట్టు. … వాడు బూట్లేసుకోని లోపలికొస్తాడు. … ఆ, ఇంట్లోకే. … జమ్మలమడుగులో ఏ ఇంట్లోనూ చెయ్యరు, నాకు తెల్సు. నాకేం పిచ్చి పట్టలే. తర్వాత తుడుద్దువు. ఈ ఒగ్గ రోజు నా కోసరం. … మా తల్లే. స్పీకరులో పెట్టి ఆ కిటికీ కాడ పెట్టు ఫోను. వాడి అడుగు నాకు ఇనపడల్ల.

…

ఏసుకున్న్యావా? … తాడు బిగించి కట్టు. రెండు ముళ్లు. … లేసి నిలబడు. గడప కాడికి రా.

…

వచ్చినావా?

…

దాటు.

…

ఏమాయ? … వంగినావా? తాడు ఇప్పుతాండావా! వద్దు! చెయ్యి తియ్యి. తియ్యి. నిలబడు.

…

నాయన గ్యాపకమొస్తాండాడా.

…

ఇనురా నూరూ. ఒగ మాట నీకు ఎప్పుడూ చెప్పలే. సిగ్గేసి చెప్పలే, కొట్టింది నేను గదా. ఆ దినం నువ్వు ఏడ్సి ఏడ్సి నిద్రపోతివి. నాయన పని నుంచి వచ్చె. నీ పిక్కలు సూసె. బయటికి పోయి ఆ నీలం చెప్పులు కడిగి, పంచెతో తుడిచి, లోపలికి తెచ్చి నీ తల కాడ పెట్టె.

…

ఆ. లోపలికే. గడప దాటించి తెచ్చె. నేను పడుకోని సూస్తానే ఉంటి. నువ్వు లేసేతలికి అమ్మ తీసి బయట పెట్టింది, నువ్వు సూడలే. నేను సూసినా.

…

నాయనకు నీ చెప్పుల మీద ఎప్పుడూ కోపం లేదురా. సేటు గీకినందుకు బాధ, అంతే. నిన్ను బయట నిలబెట్టల్లని నాయన అనుకోలే. నేనొక్కదాన్నే అట్ల అనుకోని కొడ్తి.

…

ఊ. ఏడువు. ఏడ్చుకుంటానే రా. ఫరవాలేదు.

…

నేను గూడా లేస్తాండా. నాదీ ఈ దినం చెప్పులతోనే. ఎట్లా వంగలేను… ఆ, తలుపు తీసినా. తాళం… ఆ. నా గడప దాటుతాండా. టపటప ఇనపడతాందా నీకు? … చూడు, ఏమీ కాలే. ఇల్లు కూలలే.

ఇంగ నువ్వు.

…

…

ఆ.

…

ఇనపడింది.

…

ఇనపడిందిరా! ఒగటి. రెండోది గూడా పెట్టు. … ఆ! ఎంత గట్టిగుంది సప్పుడు, మీ కింద బండలు పగలగొడతావా ఏంది. … హఫీజా నవ్వుతాందా? నవ్వనీ. అటు గోడ దాంక నడువు. పోయి మల్లా రా.

ఫోను కుయ్యంటాంది, పోయేటట్లుంది. … లేదు, నువ్వు నిలబడొద్దు, నడువు. నేను పెట్టేసేదాంక నడువు. పొద్దున ఏడుకు గూడా ఇట్లనే, ఎవర్నీ అడగద్దు, కిందికి సూడద్దు, తలుపు కనపడితే తొక్కుకుంటా—

ఆ… ఇంటాండా…

నడువు నాయనా, ఇంటాం—